క్రిప్టో: ఊడిపోయిన సగంలోనే అసలు ప్రశ్న

"క్రిప్టోలో ఏమైనా పెట్టావా?" అని ఎవరైనా అడిగితే బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కరెన్సీల గురించి అడుగుతున్నారని ఇప్పుడు విడమరిచి చెప్పక్కర్లేదు. బిట్‌కాయిన్ పుట్టకముందు మాత్రం ఈ ప్రశ్నకు అర్థమే లేదు. అప్పట్లో క్రిప్టో అంటే క్రిప్టోగ్రఫీ, సమాచారాన్ని పరాయివాళ్లు చదవకుండా, మార్చకుండా కాపాడే శాస్త్రం. ఆ రంగంలోని పరిశోధకులు 1981లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో మొదలుపెట్టిన వార్షిక సదస్సు పేరే 'క్రిప్టో'. 1990లలో అమెరికా ప్రభుత్వం గట్టి ఎన్‌క్రిప్షన్‌ను, అంటే సందేశాలకు తాళం వేసే పద్ధతిని, ఆయుధాల జాబితాలోనే ఉంచి ఎగుమతులకు అడ్డుపడింది. దాని మీద జరిగిన పోరాటానికి 'క్రిప్టో వార్స్' అని పేరు పడింది. పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ రాసి బయటికి వదిలినందుకు ఫిల్ జిమ్మర్‌మన్ ఏళ్ల తరబడి విచారణ ఎదుర్కొన్నారు. ఏ అభియోగమూ నమోదు కాకుండానే 1996లో అది ముగిసింది.

మాటలు తెగడం, తెగాక అర్థం మారడం కొత్తేమీ కాదు. ఆమ్నిబస్‌లో 'ఆమ్ని' పోయినా బస్సుకు వచ్చిన నష్టం లేదు. క్రిప్టో కరెన్సీ సంగతి వేరు. ఇక్కడ ఊడిపోయింది తగాదాలో ఉన్న సగం. కరెన్సీ అన్నంతకాలం ఎవరో ఒకరు నిలదీస్తారు: దీంతో ధరలు చెబుతారా, జీతాలిస్తారా, ఈరోజు దాచిన విలువ వచ్చే నెలకు ఉంటుందా? ఉత్త క్రిప్టో అనేశాక ఆ బాధ లేదు. అది డబ్బని ఎవరూ చెప్పుకోనక్కర్లేదు, కాదని ఇంకొకరు రుజువు చేయనూ అక్కర్లేదు. వాడుకలో మాట పొట్టిగా మారడం సహజమే కావచ్చు. కానీ అది అమ్మేవాళ్లకు ఇంతగా కలిసిరావడం గమనించాల్సిన విషయం.

నియంత్రణ సంస్థలు ఈ తేడాను పట్టుకున్నాయి. జనం రెండో సగాన్ని వదిలేస్తే, వాళ్లు దాన్ని మార్చేశారు. 2018లో బ్యూనస్ ఎయిర్స్‌లో కలిసిన జీ20 ఆర్థిక మంత్రులు తమ ప్రకటనలో 'క్రిప్టో ఆస్తులు' అని రాసి, సార్వభౌమ కరెన్సీకి ఉండాల్సిన ముఖ్య లక్షణాలు వాటికి లేవని తేల్చారు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం పేరులోనూ ఉన్నది ఆస్తులే, కరెన్సీ కాదు.

ఇక మిగిలిన సగం. గ్రీకులో దాని మూలానికి 'దాచినది' అని అర్థం. చిత్రమేమిటంటే బిట్‌కాయిన్‌లో దాపరికం పెద్దగా లేదు. ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు ఎంత వెళ్లిందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు, బ్లాక్‌చైన్ అనే ఆ ఖాతా పుస్తకం బహిరంగమే. పోలీసులు పాత నేరాల డబ్బును ఏళ్ల తర్వాత కూడా వెంటాడగలుగుతున్నది అందుకే. క్రిప్టోగ్రఫీ ఉందా అంటే ఉంది. డిజిటల్ సంతకాలు, హ్యాష్ ఫంక్షన్లు లేకపోతే ఆ వ్యవస్థే లేదు. అయితే వాటి పని రహస్యం దాచడం కాదు, ఈ ఖర్చుకు అనుమతి ఇచ్చింది తాళంచెవి ఉన్నవారేనని, పాత లెక్కను ఎవరూ దిద్దలేదని రుజువు చేయడం. 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చి బిట్‌కాయిన్‌ను పరిచయం చేసిన పత్రం కూడా దాన్ని 'ఎలక్ట్రానిక్ నగదు వ్యవస్థ' అనే పిలిచింది.

వినేవాళ్ల మనసులో మాత్రం క్రిప్టో అనగానే గుట్టు, భద్రత, గణితం అన్నీ కలిసిన ఒక గౌరవం మెదులుతుంది. దశాబ్దాలుగా పరిశోధకులు సంపాదించిపెట్టిన పరపతి అది. ఆ పేరులో కూడా మచ్చ లేకపోలేదు. క్రిప్టో ఏజీ అనే స్విస్ కంపెనీ పలు దేశాల ప్రభుత్వాలకు రహస్య సందేశాల యంత్రాలు అమ్మేది. దాని అసలు యజమానులు అమెరికా, పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థలని 2020లో బయటపడింది. ఆ కంపెనీ ఉండేది జుగ్ ప్రాంతంలో. ఇప్పుడు అదే జుగ్ తనను తాను 'క్రిప్టో వ్యాలీ' అని చెప్పుకుంటోంది, ఈసారి బ్లాక్‌చైన్ కంపెనీలను చూసి!

పాత వాడుకదారులు ఊరికే వదిలిపెట్టలేదు. 'క్రిప్టో అంటే క్రిప్టోగ్రఫీ' అని నినాదంగా రాసుకున్నారు, టీషర్టుల మీద వేసుకున్నారు. ఆ పోరు ముగిసిందనే నా అభిప్రాయం. మ్యాట్ బ్లేజ్ అనే క్రిప్టోగ్రఫీ నిపుణుడు ఎన్నో ఏళ్లు తన దగ్గరే ఉంచుకున్న క్రిప్టో డాట్ కామ్ అనే వెబ్ చిరునామా 2018లో ఒక క్రిప్టో కరెన్సీ కంపెనీ చేతికి వెళ్లింది. 2021 చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని పెద్ద స్టేడియానికి అదే పేరు పెట్టారు. ప్రోగ్రామర్ల కోడ్‌లో మాత్రం పాత అర్థం బతికే ఉంది. నోడ్ జేఎస్ అనే ప్రోగ్రామింగ్ వేదికలో 'క్రిప్టో' అనే మాడ్యూల్‌కు నాణేలతో సంబంధం లేదు. (వైద్యులది ఇంకో లోకం. 1993లో మిల్వాకీలో తాగునీటి ద్వారా సుమారు 4 లక్షల మందిని జబ్బుపడేసిన క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవినీ ముద్దుగా క్రిప్టో అనే అంటారు.)

ఒకే మాటకు రెండు అర్థాలున్నంత మాత్రాన కొంప మునగదు. 'క్రిప్టోపై నిషేధం' అనే శీర్షిక దగ్గరే చిక్కు. నాణేల వ్యాపారం మీద ఆంక్షలూ, మన మెసేజీలకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ మీద ఆంక్షలూ పూర్తిగా వేరు. మొదటిదాన్ని సమర్థించేవారు రెండోదాన్ని గట్టిగా వ్యతిరేకించొచ్చు. శీర్షిక వాళ్లకు ఆ తేడా చూపదు.

'క్రిప్టో మోసం' అన్న మాటా అంతే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజీ కూలినప్పుడు ఆ మాట ప్రపంచమంతా వాడింది. విన్నవాళ్లకు ఎవరో కోడ్ ఛేదించారేమో అనిపిస్తుంది. కానీ అక్కడ ఏ హ్యాష్ విరగలేదు, ఏ సంతకమూ ఫోర్జరీ కాలేదు. ఖాతాదారులు దాచుకున్న సొమ్మును యజమాని తన సొంత ట్రేడింగ్ సంస్థకు మళ్లించాడు. ఆ యజమాని శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కు 2024లో పడిన 25 ఏళ్ల జైలుశిక్ష మోసం, కుట్ర నేరాల కింద పడింది. బ్యాంకులు పుట్టినప్పటి నుంచి ఉన్న నేరాలే అవి.