గృహస్థుకొక గైగర్ కౌంటర్

జ్వరం చూసుకోవడానికి థర్మామీటరు, రక్తపోటు చూసుకోవడానికి యంత్రం, ఆక్సిజన్ చూసుకోవడానికి వేలికి తగిలించే క్లిప్పు ఇప్పటికే సమకూర్చుకున్న కుటుంబాలకు ఇంకా ఒక కొరత మిగిలే ఉంది. ఒంట్లో ఏముందో తెలిసింది గాని, గోడల్లో ఏముందో తెలియలేదు. ఆ కొరత తీర్చడానికే అరచేతిలో ఇమిడే, గైగర్ కౌంటర్ వంటి రేడియేషన్ డిటెక్టర్లు అమ్మకానికి వచ్చాయి. వాటిని కొనదలచినవారికి, కొన్నాక వాటితో కాపురం చేయదలచినవారికి కొన్ని సూచనలు ఇవ్వడం నా బాధ్యతగా భావిస్తున్నాను. ఎందుకంటే ఈ పరికరాన్ని సక్రమంగా వాడితే ఇంట్లో భయపడవలసినదేదీ దాదాపుగా కనబడదు. అంత డబ్బు పోసి కొన్నది అందుకు కాదు కదా.

ముందుగా తేల్చుకోవలసింది, మీకు కావలసినది కొలతా, ఫలితమా అన్నది. ఫలితం చాలనుకునేవారికి తక్కువ ఖర్చులో ఒక మార్గం ఉంది. విద్యుదయస్కాంత క్షేత్రాలను చూపే చిన్న మీటర్లను కూడా కొందరు వ్యాపారులు 'రేడియేషన్ మీటర్' అనే అమ్ముతుంటారు. దాన్ని సెల్‌ఫోన్ దగ్గర పెడితే అంకెలు ఎగురుతాయి, వైఫై రౌటర్ దగ్గర పెడితే ఎర్ర దీపం వెలుగుతుంది, పనిచేస్తున్న మైక్రోవేవ్ ఓవెన్ ముందు పెడితే కీచుమంటుంది. మొదటి సాయంత్రమే ఇల్లంతా దోషులతో నిండిపోతుంది. అసలైన గైగర్ కౌంటర్‌ను అదే ఫోన్ పక్కన పెట్టి చూడండి, అది ఉలకదు, పలకదు. ఫోన్ తరంగాలకు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి లేదు; ఆ శక్తి ఉన్నవాటిని మాత్రమే గైగర్ కౌంటర్ లెక్కలోకి తీసుకుంటుంది. ఇంత ముక్కుసూటి పరికరాన్ని ఇంట్లోకి తెచ్చుకునే ముందు కుటుంబమంతా కూర్చుని ఆలోచించుకోవడం మంచిది.

అయినా తెస్తామంటే, లోపల ఏముందో తెలుసుకోవాలి. హాన్స్ గైగర్, వాల్తర్ ముల్లర్ 1928లో రూపొందించిన గొట్టమే నేటికీ చాలా చేతి పరికరాలకు ఆధారం. తక్కువ పీడనంలో వాయువు నింపిన ఆ గొట్టానికి కొన్ని వందల వోల్టులు ఇచ్చి ఉంచుతారు. ఒక కిరణం లోపలికి దూరి వాయువును అయనీకరించగానే (దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగానే) విద్యుత్తు ఒక్క క్షణం ఉప్పొంగుతుంది, పరికరం 'టిక్' మంటుంది. తలుపు తట్టారని చెప్పడం వరకే దాని పని. తట్టినదెవరో దానికి తెలియదు. గామా కిరణమైనా బీటా కణమైనా, బలమైనదైనా బలహీనమైనదైనా, అదే టిక్కు. ఆల్ఫా కణాలు ఒక కాగితాన్ని కూడా దాటలేవు గనుక మామూలు లోహపు గొట్టానికో గాజు గొట్టానికో అవి వచ్చిన సంగతే తెలియదు. వాటికోసం పలుచని అభ్రకపు కిటికీ ఉన్న గొట్టం కావాలి; దానికి ధరా ఎక్కువే, వేలు గట్టిగా తగిలితే చిట్లిపోయే గుణమూ ఎక్కువే. ఇక సీజియం అయొడైడ్ స్ఫటికంతో పనిచేసే రకాలు గామా కిరణాలను వాటి శక్తిని బట్టి విడదీసి, ఇది పొటాషియం, ఇది థోరియం అని పేర్లతో సహా చూపించగలవు. అనుమానం మీద బతకదలచిన కుటుంబానికి వీటిని నేను సిఫారసు చేయను.

తరువాత ప్రమాణాల సంగతి. ఒంటికి అందే రేడియేషన్ మోతాదును సీవర్టులలో కొలుస్తారు; అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్టు, దానిలో వెయ్యో వంతు మైక్రోసీవర్టు, దానిలో వెయ్యో వంతు నానోసీవర్టు. చాలా ఇళ్లలో పరికరం గంటకు 0.1 నుంచి 0.2 మైక్రోసీవర్టుల మధ్య ఏదో ఒక విలువ చూపిస్తుంది. చూడడానికే నీరసంగా ఉండే అంకె అది. సెట్టింగులలోకి వెళ్లి నానోసీవర్టులు ఎంచుకుంటే 0.12 కాస్తా 120 అవుతుంది. బంధువులకు వాట్సాప్‌లో పంపడానికి యోగ్యమైనది ఇదే. లెక్కల మీద అభిమానం ఉన్నవారు ఇంకో మెట్టు ఎక్కవచ్చు. 0.12ను ఏడాదిలోని 8,760 గంటలతో గుణిస్తే దాదాపు 1.05 మిల్లీసీవర్టులు వస్తుంది. సాధారణ ప్రజలకు అంతర్జాతీయంగా సిఫారసు చేసిన పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. అనగా, మీ పడకగది నిబంధనలకు విరుద్ధం. ఆ పరిమితి ప్రకృతి నుంచి ఎప్పుడూ అందే సహజ నేపథ్య రేడియేషన్‌నూ వైద్య పరీక్షలనూ మినహాయించి, మనుషుల కార్యకలాపాల వల్ల అదనంగా చేరేదానికి మాత్రమే వర్తిస్తుందనీ, ప్రకృతి నుంచే ప్రపంచంలో సగటు మనిషికి ఏటా 2.4 మిల్లీసీవర్టులు అందుతున్నాయనీ ఇంకొంచెం చదివితే తెలుస్తుంది. అపార్ట్‌మెంటు సంఘానికి ఫిర్యాదు రాసేటప్పుడు అంత చదవనవసరం లేదు.

కొలత తీసేటప్పుడు ఓపిక అనే దుర్గుణాన్ని పూర్తిగా విడిచిపెట్టాలి. పరమాణువులు గడియారం చూసుకుని విచ్ఛిన్నం కావు. నిమిషానికి సగటున 20 టిక్కులు వచ్చే చోట, ఏమీ మారకుండానే ఒక నిమిషం 14, మరో నిమిషం 27 రావచ్చు. లెక్కించిన సంఖ్యకు వర్గమూలం ఎంతో, ఊగిసలాట సుమారుగా అంత ఉంటుంది: ఒక్క నిమిషం చూస్తే 20కి అటూ ఇటూ నాలుగున్నర, పది నిమిషాలు చూస్తే 200కు అటూ ఇటూ 14. అంటే పరికరాన్ని బల్ల మీద పెట్టి పది నిమిషాలు వేరే పని చూసుకుంటే ఏడు శాతం తేడాతో సంగతి తేలిపోతుంది. కాని మన గృహస్థు అలారం హద్దు 0.2 దగ్గర పెట్టి పడుకుంటాడు. రాత్రి రెండు గంటలకు అది మోగుతుంది. దుప్పటి భుజాన వేసుకుని, తెరను కళ్ల దగ్గర పెట్టుకుని, గదికి పది సెకన్ల చొప్పున తనిఖీ మొదలుపెడతాడు. హాలు 0.17. పిల్లల గది 0.13. వంటగది 0.21! నేరం రుజువైంది. తెల్లవారి మళ్లీ చూస్తే వంటగది 0.11కు దిగి ఉంటుంది. దొరికిపోతానని తెలిసి జాగ్రత్తపడిందన్నమాట.

దోషిని వెతికే క్రమంలో అందరూ ముందు పట్టుకునేది అరటిపండును. అందులోని పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం పొటాషియం వల్ల సెకనుకు సుమారు 15 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయన్నది నిజమే. చేతి పరికరం దాన్ని గుర్తించలేదన్నదీ అంతే నిజం. పక్కన పడుకున్న మనిషి ఒంట్లో అదే పొటాషియం వల్ల సెకనుకు దాదాపు 4,000 విచ్ఛిన్నాలు జరుగుతుంటాయి. (ఇది విడిగా పడుకోవడానికి కారణంగా చూపించరాదు.) గ్రానైటు గట్టు మీద అంకె కొంచెం పెరగవచ్చు. అటక మీద పాత పెట్రోమాక్సు లైటు ఉండి, దాని మాంటిల్‌లో థోరియం ఉంటే మాత్రం పరికరం గలగలమంటుంది, గృహస్థు జన్మ తరిస్తుంది. చీకట్లో మెరిసేందుకు రేడియం పూసిన తాతగారి గడియారం దొరికితే కూడా అంతే. సంతోషం పట్టలేక ఆ గడియారాన్ని విప్పడం మాత్రం తగదు, ఆ పూత ధూళిగా ఊపిరిలోకి పోవడమే అసలు ప్రమాదం. ఇవేవీ లేని ఇళ్లవారు నిరాశపడనక్కరలేదు. థైరాయిడ్ స్కాన్ కోసం టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం ఇంజక్షన్ చేయించుకుని అదే రోజు పలకరించడానికి వచ్చిన పెద్దమ్మగారు గుమ్మంలో ఉండగానే పరికరం కేకలు పెడుతుంది. ఆ పదార్థం ఆరు గంటలకు సగమవుతుంది. మర్యాదకు జరిగిన నష్టానికి అర్ధాయువు ఎంతో భౌతికశాస్త్రం చెప్పలేదు.

ఇంత గాలింపులోనూ పరికరం కంటపడకుండా తిరిగే పదార్థం ఒకటుంది. నేలలోని యురేనియం నుంచి పుట్టి, పునాదుల పగుళ్లలోంచి గదుల్లోకి చేరే రేడాన్ వాయువది. ప్రకృతి నుంచి మనకు అందే 2.4 మిల్లీసీవర్టులలో సుమారు సగం దాని వాటాయే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత ముఖ్య కారణాలలో ఇదొకటి. ఘనమీటరు గాలిలో 100 బెక్వెరెల్స్ (సెకనుకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెక్వెరెల్) మించకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అయితే గాలిలోని రేడాన్ ఎంతో జేబులోని గైగర్ కౌంటర్ చెప్పలేదు. దానికి వేరే పరికరం కావాలి, దాన్ని ఒక మూల పెట్టి రోజుల తరబడి, వీలైతే నెలల తరబడి ఆగాలి. టిక్కులుండవు, కేకలుండవు, బంధువులకు చూపించడానికి అంకె వెంటనే రాదు. తీరా ఎక్కువ ఉందని తేలితే చేయవలసిన పని పగుళ్లు పూడ్చడం, గాలి ఆడేలా చూడడం. ఇంటికి నిజంగా పనికివచ్చే కొలతకు ఇంత తక్కువ ఆకర్షణ ఉండడం వల్లనే కాబోలు, వంటగది మీద విచారణ ఇంకా కొనసాగుతున్నది.

చివరగా, పరికరం నిజంగానే హద్దు దాటి మోగిన సందర్భం. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలినప్పుడు అక్కడి సిబ్బంది చేతిలో ఉన్న మీటర్లు గంటకు 3.6 రాంట్‌జెన్ల (రేడియేషన్‌కు పాత కొలమానం) దగ్గర ఆగిపోయాయి. ఉన్నది అంతే అనుకున్నారు, మీటరు చూపగలిగింది అంతే. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియాలో, వదిలేసిన చికిత్సాయంత్రంలోని సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థాన్ని పాత సామాన్లవాళ్లు విప్పిన తరువాత, ఒక నిపుణుడు డిటెక్టర్ అరువు తెచ్చి ఆన్ చేస్తే ఎటు తిప్పినా ముల్లు చివరికే పోయింది. పరికరం పాడైందనుకుని ఆయన వెనక్కి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు. రెండోదీ అదే చూపించింది. ఆ ప్రమాదంలో నలుగురు మరణించారు. గైగర్ గొట్టాలలో కొన్ని మరీ తీవ్రమైన రేడియేషన్‌లో ఉక్కిరిబిక్కిరై, పెరగవలసిన అంకెను తగ్గించి చూపిస్తాయి కూడా. కనుక అంకె ఒక్కసారిగా వందల రెట్లు ఎగబాకి అక్కడే నిలిస్తే, మంచి ఫోటో కోసం దగ్గరికి పోకుండా దూరంగా నడిచి, అధికారులకు తెలియజేయడం విధి. అధికారులు బయలుదేరే లోపల, తెర మీద ఉన్నవి నానోసీవర్టులా మైక్రోసీవర్టులా అన్నది ఒకసారి చూసుకుంటే వారికి ప్రయాణం తప్పవచ్చు.