పెళ్లయిందా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే

ఓపీ చీటీ పట్టుకుని లోపలికెళ్లిన మగవాడిని డాక్టరు అడిగే తొలి మాటల్లో ఒకటి ‘పెళ్లయిందా?’. అయిందంటే ఆ సంగతి అక్కడితో సరి. బల్ల పక్కనే మరో ఇద్దరు రోగులు నిలబడి ఉంటారు. తలుపు తెరిచే ఉంటుంది. ఒక్కోసారి భార్య కూడా వెంటే ఉంటుంది. తనకు మగవాళ్లతోనూ సంబంధం ఉందని ఆ గదిలో ఎవరు నోరు విప్పుతారు? బైసెక్సువల్ పురుషులకు వైద్యం దారి తప్పేది ఇక్కడే.

ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లు సుఖవ్యాధులకు ఎక్కువగా లక్షణాలను బట్టే మందులిస్తాయి. ఏ లక్షణానికి ఏ రంగు మందుల కిట్ అన్నది ముందే ఖాయం. ల్యాబ్ అందుబాటులో లేని ఊళ్లకు ఇది పనికొచ్చే ఏర్పాటే, తీసిపారేయలేం. అయితే గొంతులోనో మలద్వారంలోనో చేరిన గనేరియా, క్లమీడియా చాలామందిలో ఏ లక్షణమూ చూపవు. అక్కడే ఉండిపోతే మూత్రపరీక్షకూ చిక్కవు. నమూనా ఎక్కడ తీయాలో తెలియాలంటే అడగాలి. అడగాలంటే ముందు తలుపు మూయాలి.

ధైర్యం చేసి చెప్పాడనుకుందాం. రిజిస్టర్‌లో అతడు ‘ఎంఎస్‌ఎం’ (మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లు) గడిలోకి వెళ్లిపోతాడు. ఇంట్లో భార్య ఉన్న సంగతి ఆ గడిలో ఇమడదు. గుర్తొచ్చినా, ఆమెకు జబ్బు మోసుకెళ్లే వంతెనగానే అతడిని చూస్తారు. ఎయిడ్స్ నియంత్రణ పరిభాషలో లారీ డ్రైవర్లకూ, వలస కూలీలకూ తగిలించిన పేరే ఇది. భార్య ఆరోగ్యం కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. మరి హెపటైటిస్-బి టీకా వేయించుకున్నావా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అతడిని అడిగేదెవరు?

మానసిక వైద్యం దగ్గరా ఇదే తంతు. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అని ఇంట్లోవాళ్లు అంటారు. ‘నువ్వింకా తేల్చుకోలేదు’ అని గే మిత్రులూ అంటారు. చీటీ మీద రాయకుండా పెళ్లి మందు నోటితో చెప్పే డాక్టర్లూ లేకపోలేదు. లైంగిక ధోరణిని బట్టి వివక్ష కూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ స్పష్టంగానే చెప్పింది. ధోరణిని మారుస్తామంటూ చేసే ‘చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో ఒప్పుకుంది, అదీ మద్రాసు హైకోర్టు వెంటపడ్డాక.

రక్తదానం సంగతి మరీ విడ్డూరం. పురుషులతో సంబంధమున్న పురుషులను, దాతల ఎంపికకు మన దేశంలో ఇచ్చిన 2017 మార్గదర్శకాలు శాశ్వతంగా పక్కనపెట్టాయి. కండోమ్ వాడతాడా, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నాడు అన్నదాంతో పనే లేదు. ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే అతడేం చేస్తాడు? పక్క కుర్చీలో సహోద్యోగి చూస్తుండగా ఫారంలో మగవాళ్లతో సంబంధం ‘లేదు’ అని టిక్ పెట్టి చెయ్యి చాపుతాడు. రక్తం భద్రంగా ఉండాలని పెట్టిన నిబంధనే అబద్ధాన్ని నేర్పుతోంది. తరచూ రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లలకు కావలసింది నిజం చెప్పే దాత. బ్రిటన్ 2021 జూన్ నుంచి ఆడామగా తేడా లేకుండా దాతలందరినీ ఇటీవలి ప్రవర్తన గురించే అడుగుతోంది. మన నిబంధనను సవాలు చేస్తూ అదే ఏడాది సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది.

ఢిల్లీ తేల్చేదాకా రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ప్రతి సురక్ష క్లినిక్‌లో కౌన్సెలింగ్ గదికి మూసుకునే తలుపు పెట్టించాలి. కేస్ షీటులో ‘పెళ్లయిందా’ కింద ఇంకో వరుస చేర్చాలి: ‘సంబంధం ఎవరితో? ఆడవాళ్లతో, మగవాళ్లతో, ఇద్దరితోనూ’.