‘హెచ్‌ఐవీ మందులతో మెదడుకు ఫంగస్’ అట!

బరంపురం గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. పంపేది బాగా తెలిసినవాళ్ళే, అదే చికాకు. అందులో ఉన్నదిది: సూరత్ నుంచి వచ్చిన ఒకాయన బాగానే ఉండేవాడట, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మందులు) మొదలుపెట్టిన మూడు వారాలకు మెదడుకు ఫంగస్ పట్టి పోయాడట. కాబట్టి మందులే ఫంగస్‌ని పెంచుతాయి. తలనొప్పి వస్తే ఆపేయాలి. వెల్లుల్లి, తేనె చాలు. నోట్లో తెల్లపూత వస్తే పెరుగు మానాలి.

పెరుగు హాయిగా తినండి. ఆ పూత క్యాండిడా అనే వేరే ఫంగస్, దానికి ఫ్లూకనజోల్ అనే మందు ఉంది. వెల్లుల్లి పోపులోకి మంచిదే.

‘బాగానే ఉండేవాడు’ దగ్గర ఆగుదాం. మెదడుకు పట్టే ఆ ఫంగస్ పేరు క్రిప్టోకాకస్. అది మట్టిలో, పావురాల రెట్టలో ఉంటుంది, గాలితో లోపలికి పోతుంది. సీడీ4 (రక్తంలో రోగంతో పోరాడే కణాల లెక్క) వందలోపు పడిపోయినవాడిలో అది చప్పుడు లేకుండా పెరుగుతుంది, ఎదిరించే బలం ఒంట్లో లేదు కాబట్టి. కుక్క మొరగలేదని దొంగ రాలేదనుకున్నట్టు. మందులతో రోగనిరోధకశక్తి తేరుకుని, అప్పటికే ఉన్న ఫంగస్ మీద ఒక్కసారిగా పడుతుంది. ఆ వాపునే డాక్టర్లు ఐరిస్ అంటారు. ఫంగస్ మాత్రల్లోంచి రాలేదు బాబూ!

ఇక ‘ఆపేయండి’. ఈ ఒక్క మాట మనుషుల్ని చంపుతుంది. సొంతంగా ఆపితే సీడీ4 మళ్ళీ పడుతుంది, వైరస్ ఆ మందులకు లొంగకుండా పోవచ్చు, ఫంగస్ మాత్రం అక్కడే ఉంటుంది. ఐరిస్ వచ్చినా మామూలుగా ఏఆర్‌టీ నడుపుతూనే ఫంగస్‌కి వైద్యం చేస్తారు. తలనొప్పి తగ్గకపోతే, వాంతులు, చూపు మసక ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్నులోంచి నీరు తీస్తామంటే వద్దని సంతకం పెట్టి ఇంటికి తీసుకొచ్చేయకండి. ఈ జబ్బులో తలలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ నీరు తీస్తేనే తగ్గుతుంది. ‘నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయి’ అన్న అపోహ కూడా రాయడం మర్చిపోయాడేమో మన ఫార్వర్డ్ వైద్యుడు, వచ్చే వారం చేరుస్తాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మెదడు పొరల్లో ఈ ఫంగస్ ఉండగానే ఏఆర్‌టీ తొందరగా మొదలుపెడితే నిజంగానే ప్రమాదం. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి: ఒకటి రెండు వారాల్లో మొదలుపెట్టినవాళ్ళలో ఆరు నెలల్లో నూటికి 45 మంది పోయారు, ఐదు వారాలు ఆగినవాళ్ళలో 30 మంది. అందుకే ఇప్పుడు ముందు ఫంగస్ మందు, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత ఏఆర్‌టీ. ఆ ఆగడం కూడా డాక్టరు లెక్క ప్రకారమే. సీడీ4 తక్కువున్నవాళ్ళకు మాత్రల కంటే ముందే రక్తంలో క్రిప్టోకాకస్ టెస్ట్ చేయాలి. మొదటి మాత్ర చేతికిచ్చేటప్పుడు అది చేశారా అని గట్టిగా అడగండి, మొహమాటం వద్దు.