సవరణ: థిన్ క్లయింట్‌కు స్టాటిక్ ఐపీ తప్పనిసరి కాదు

థిన్ క్లయింట్ (సర్వర్‌లో నడిచే డెస్క్‌టాప్‌ను తన తెరపై చూపే చిన్న కంప్యూటర్) సెటప్ గురించి మొన్న పెట్టిన పోస్టులో రెండు మాటలు చెప్పాను: ప్రతి థిన్ క్లయింట్‌కూ స్టాటిక్ ఐపీ (చేత్తో ఇచ్చే, మారని నెట్‌వర్క్ అడ్రస్) ఇవ్వాలని, రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌లో సర్వర్ పేరు పనిచేయదు కాబట్టి ఐపీ అడ్రసే కొట్టాలని. రెండూ తప్పే. తయారీదారు ఇచ్చిన అడ్మిన్ గైడ్, రిమోట్ డెస్క్‌టాప్ అధికారిక డాక్యుమెంటేషన్ మళ్లీ చదివాక తెలిసింది.

కనెక్షన్ మొదలుపెట్టేది థిన్ క్లయింటే. దాని అడ్రస్ మారినా మామూలుగా సర్వర్‌కు పట్టింపు లేదు, అడ్రస్‌ను దానంతటదే ఇచ్చే డీహెచ్‌సీపీ చాలు. స్థిరంగా ఉండాల్సింది సర్వర్ అడ్రస్.

మరి పేరు ఎందుకు పనిచేయలేదు? ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే చేత్తో నింపి, డీఎన్ఎస్ గడి ఖాళీగా వదిలేశాను. ఇక పేరు చూసి అడ్రస్ చెప్పేదెవరు? డీహెచ్‌సీపీకి మార్చి సర్వర్ పూర్తి పేరు కొట్టగానే లాగిన్ తెర వచ్చేసింది.

పైగా సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్‌లో సాధారణంగా ఉండేది దాని పేరే. ఐపీతో వెళ్తే అది సరిపోలక హెచ్చరిక వస్తుంది. చదవకుండా 'ఎస్' నొక్కడం అలవాటైతే, నిజంగా ప్రమాదం ఉన్న రోజునా అలాగే నొక్కేస్తాం. నాకు టెన్షన్ అక్కడే.

ఇప్పటికే స్టాటిక్ పెట్టినవాళ్లు అన్నీ తీసేయక్కర్లేదు. డీఎన్ఎస్ గడి నింపి, ఐపీ బదులు పేరు పెట్టండి. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు మీద నడుస్తుందని ఆ పోస్టులో రాసింది సరైనదే, కానీ అది లోపలి నెట్‌వర్క్‌కే. బయటి నుంచి రావాలంటే వీపీఎన్, లేదా 443 పోర్టు మీద నడిచే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే వాడండి.