గ్లాసు నింపేది పక్కనున్నవారే

మద్యం మీద చర్చ మొదలైన ప్రతిసారీ రెండే వాదనలు వినిపిస్తాయి. ఒకటి ధరలు, పన్నులు, నిషేధాల లెక్క. దాని మీద ఇప్పటికే కావలసినంత రాశారు కనుక ఇక్కడ తిరగదోడను. రెండోది, మనసు గట్టిదైతే ఎవరైనా మానేయవచ్చన్న ఉపదేశం. నా పేచీ దీనితోనే. ఒక మనిషి ఎప్పుడు, ఎంత తాగుతాడన్నది అతని సంకల్పబలం కన్నా అతని చుట్టూ కూర్చున్నవారి మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఈ మాటకు అతి బలమైన సాక్ష్యం జన్యుశాస్త్రం నుంచే రావడం విశేషం. శరీరంలో మద్యం మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము తూర్పు ఆసియా ప్రజల్లో చాలామందికి సరిగా పనిచేయదు. అలాంటివారికి ఒక్క గ్లాసుతోనే ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. శరీరమే వద్దు మొర్రో అంటుంటే వ్యసనం అంటుకోవడం కష్టమని ఎవరైనా అనుకుంటారు. కానీ జపాన్‌లో మద్యవ్యసనానికి చికిత్స పొందుతున్నవారిని పరిశీలించినప్పుడు, ఆ లోపమున్న జన్యువును తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి పొందినవారు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం ఉన్నట్టు తేలింది. పదమూడేళ్లలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారింది సమాజం. పని ముగిశాక పై అధికారి పిలిస్తే వెళ్లి కూర్చోవలసిన, ఆయన పోస్తే కాదనలేని ఉద్యోగ జీవితంలో, ఎర్రబారిన ముఖంతోనే రెండో గ్లాసు అందుకున్నవారు ఎందరో ఉండి ఉంటారు.

స్త్రీపురుషుల తేడా కూడా ఇదే చెబుతుంది. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2016లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో పుట్టినవారిలో మద్యం ముట్టే అవకాశం స్త్రీలకన్నా పురుషులకు 2.2 రెట్లు ఉండగా, శతాబ్దం చివర పుట్టినవారిలో అది 1.1 రెట్లకు దిగింది. అంతకాలం స్త్రీని ఆపింది ఆమె స్వభావమో, శరీరమో అయితే ఈ దూరం ఇంత త్వరగా కరిగేది కాదు. ఆపింది లోకం చూపు. అది సడలినకొద్దీ అంకెలూ కదిలాయి.

వ్యసనం ముప్పులో సుమారు సగం వంశపారంపర్యమని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్న మాట నిజమే. తాగేవారే తాగేవారిని వెతుక్కుని స్నేహం చేస్తారన్న వాదనలోనూ కొంత నిజముంది. అయితే ఆ సగం లెక్క ఒక సమాజంలో ఎవరు ముందుగా కూలుతారో చెబుతుందే గాని, ఆ సమాజం మొత్తం ఎంత తాగుతుందో చెప్పదు.

బల్ల దగ్గర జరిగేది చూడండి. నలుగురు కూర్చున్నారు, ఒకరు వద్దన్నారు. వెంటనే విచారణ మొదలవుతుంది: ‘ఏం, ఒంట్లో బాగాలేదా? మందులేమైనా వాడుతున్నావా?’ వద్దు అన్న మాట చాలదు, దానికో కారణం జతచేయాలి. అందుకే కొందరు కూల్‌డ్రింకును గ్లాసులో పోసుకుని, అందులో ఏదో కలిసి ఉందని మిగతావారు అనుకునేలా పట్టుకుని తిరుగుతారు. 1975లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. వైన్ రుచి చూసి అభిప్రాయం చెప్పమని యువకులను పిలిచి, పక్కన పరిశోధకుల మనిషిని కూర్చోబెట్టారు. అతను ఎక్కువగా తాగితే వారూ ఎక్కువగా తాగారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు, పక్కవాడి చేయి కదిలిన వేగమే సరిపోయింది.

పన్నెండు వేల మందికి పైగా మనుషులను ముప్పై ఏళ్లకు మించి గమనించిన, అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణపు ఆరోగ్య అధ్యయనం ఆధారంగా 2010లో వెలువడిన పరిశోధనలో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. స్నేహితులు, బంధువుల తాగుడు మారితే మనిషి తాగుడూ మారింది. ఇరుగుపొరుగువారి, సహోద్యోగుల ప్రభావం మాత్రం చెప్పుకోదగ్గంతగా కనిపించలేదు. జపాన్ గురించి నేనన్నదానికి ఇది కొంత అడ్డు తగులుతుందని ఒప్పుకుంటాను. అయినా దీని అర్థం ఒకటే: మనిషిని తాగించేది దగ్గరగా ఉన్నవారు కాదు, దగ్గరివారు.

ఇక్కడే అసలు సమస్య. ఉద్యోగం, పిల్లలు, అప్పుల వాయిదాలు మీదపడ్డాక పెద్దవాళ్లకు కలుసుకోవడానికి కారణం అడగని పిలుపు ఒక్కటే మిగిలింది: ‘ఒకసారి కూర్చుందాం.’ ఆ కూర్చోవడం దేనికో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఊరికే మాట్లాడుకుందామని పిలిస్తే అవతలివారు కంగారుపడి, ఏమైందని అడుగుతారు. ముఖ్యంగా మగవారికి మనసులోని దిగులు చెప్పుకోవడానికి చేతిలో గ్లాసు ఒక అనుమతి పత్రం. మర్నాడు ‘నిన్న మందులో ఏదో అనేశాను’ అని మాట వెనక్కి తీసుకునే వీలూ ఉంటుంది. తాగినవాడు ఎలా ప్రవర్తించాలో సమాజమే నేర్పుతుందని, మత్తు అంటే మామూలు కట్టుబాట్లకు దొరికే సెలవని 1969లోనే ఇద్దరు అమెరికన్ పండితులు వాదించారు. ఆ సెలవు మామూలు సాయంత్రాల్లో దొరకడం లేదు. పని గంటలు సాయంత్రాన్ని మింగేశాయి, పైసా ఖర్చు లేకుండా నలుగురు కూర్చునే చోట్లు కుంచించుకుపోయాయి. పెద్దల స్నేహాన్ని ఇంత ఇరుకున పెట్టిన వ్యవస్థే, గ్లాసు పట్టుకున్నవాడికి నిగ్రహం లేదని నిందిస్తోంది.

1935లో అమెరికాలోని యాక్రన్‌లో, తాగుడు మానలేక సతమతమవుతున్న ఒక షేర్ల వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు కలుసుకుని, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘానికి పునాది వేశారు. వారి చేతిలో ఔషధమూ లేదు, చట్టమూ లేదు. తాగాలనిపించిన వేళ వెళ్లి కూర్చోవడానికి మరో మనిషి ఉన్నాడు, అంతే. మరోవైపు, తాగుడు తీవ్రతను అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల పత్రం ఎన్నిసార్లు, ఎంత, తాగాక పశ్చాత్తాపపడ్డారా అని ఓపికగా అడుగుతుంది. ఎవరితో తాగుతారన్న ప్రశ్న అందులో లేదు.