ఏడాకులు, ఏడు లక్షలు

విశాఖలో మా గేటు ముందు ఒక ఏడాకుల చెట్టుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊళ్లో చెట్లన్నీ కూల్చి పోయాక, త్వరగా ఎదుగుతుందని వీధుల్లో నాటిన మొక్కల్లో అదొకటి. మాట నిలబెట్టుకుని మేడ దాటేసింది.

ఇల్లు అమ్మకానికి పెట్టాం. మే నెల మిట్టమధ్యాహ్నం ఒకాయన చూడ్డానికి వచ్చారు. కారు చెట్టు కింద ఆపి, దిగి, లోపలికి రాకుండా అక్కడే నిలబడిపోయారు.

"గురువుగారూ, ఈ నీడకే డబ్బులివ్వొచ్చండీ!"

వంటింట్లో కారే కుళాయి సంగతి అడగనే లేదు.

అదే నా కొంప ముంచింది. ఆ రాత్రి అమెరికాలో ఉన్న బావమరిదికి చెబితే, పోర్ట్‌లాండ్‌లో 2010లోనే పరిశోధన చేసి తేల్చారన్నాడు. వీధి చెట్ల వల్ల ఇంటి ధర సగటున 8,870 డాలర్లు పెరుగుతుందట, 1.7 రోజులు ముందే అమ్ముడుపోతుందట. ఆ పాయింట్ ఏడు ఏమిటో గానీ, డాలర్లు రూపాయల్లోకి మారిస్తే ఏడు లక్షల పైచిలుకు. ఆకుకి లక్ష! మర్నాడే ధర పెంచేశాను.

బేరం నడుస్తుండగానే ఆషాఢం వచ్చింది. తర్వాత ఆయనకి లోను ఆలస్యమైంది. చివరికి కార్తీకంలో మంచిరోజు చూసుకుని, సాయంత్రం ఏడింటికి అడ్వాన్సుతో సకుటుంబంగా దిగారు.

ఏడాకుల చెట్టు విరగబూసేదీ అప్పుడే. ఆ వాసన తెలియనివాళ్లకి ఎలా చెప్పాలి? సీసాడు అత్తరు పూసుకున్న పెదనాన్నతో లిఫ్టు ఎక్కితే, అది మధ్యలో ఆగిపోయిందనుకోండి. అలా ఉంటుంది.

కిటికీలు మూసి, సాంబ్రాణి వేసి, నాలుగు అగరొత్తులు వెలిగించాను. రెండు వాసనలూ కలిసి మూడోది పుట్టింది. ఆవిడ పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన జేబులో చెయ్యి పెట్టే వేళకి వాళ్లమ్మగారు తుమ్మారు. ఒకటి కాదు, ఐదు. పిల్లాడైతే, "నాన్నా, వీళ్లింట్లో ఎవరైనా పోయారా?" అన్నాడు.

జేబులో చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"కొట్టించెయ్యకపోయారా?" అన్నారాయన గుమ్మం దాటుతూ. వీధి చెట్టు మీద గొడ్డలి పడాలంటే అనుమతి కావాలి. వాల్టా చట్టం ఉంది. అదీ చెప్పాను, గాలి పీల్చకుండా.

మర్నాడు ఫోన్ చేశారు. "ఇల్లు బాగుందండీ. కాకపోతే ఎదురుగా ఆ చెట్టుంది కదా. ఓ ఏడు లక్షలు తగ్గించుకోండి."

పక్కనే మా ఆవిడ నవ్వు ఆపుకుంటోంది.

"తొందరేముంది సార్, మే నెలలో ఓసారి రండి," అన్నాను. "మధ్యాహ్నం పూట."