లూనార్ లేక్‌లో అసలు లోపం మెమరీ
ఇంటెల్ 2024లో తెచ్చిన లాప్‌టాప్ ప్రాసెసర్ లూనార్ లేక్‌కి హైపర్ థ్రెడింగ్ (ఒకే కోర్, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒకే భాగం, ఒకేసారి రెండు పనులు నడిపించే సౌకర్యం) లేకపోవడమే పెద్ద లోపమని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నాకైతే అలా అనిపించలేదు. 2002లో పెంటియం 4కి ఆ సౌకర్యం వచ్చినప్పుడు ఉన్నది ఒక్కటే కోర్. ఒక పని మెమరీ నుంచి డేటా కోసం ఆగితే ఆ ఖాళీలో రెండో పని నడిపించడం అప్పుడు లాభమే. ఇప్పుడు నాలుగు పెద్ద కోర్ల పక్కన నాలుగు చిన్న కోర్లున్నాయి. రెండో పనిని వాటికే ఇచ్చేయొచ్చు, బ్యాటరీ కూడా తక్కువ ఖర్చవుతుంది. వీడియో రెండరింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్ లాంటి వాటికి ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) చాలవు, ఒప్పుకుంటాను. కానీ పల్చటి లాప్‌టాప్ కొనేవాళ్లు రోజూ చేసే పని అది కాదు కదా. నన్ను నిజంగా బాధపెట్టేది మెమరీ (ర్యామ్). 16 లేదా 32 జీబీ, ఏదైనా సరే ప్రాసెసర్ ప్యాకేజీ మీదే బిగించేశారు, తర్వాత పెంచుకునే దారే లేదు. నా పాత లాప్‌టాప్‌లో 8 జీబీ బోర్డుకే అతికించి ఉండేది. ప్రాసెసర్ బాగానే ఉన్నా, నాలుగేళ్లు తిరిగేసరికి రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాములు) తెరిస్తే చాలు, మొత్తం బిగుసుకుపోయేది. చివరికి లాప్‌టాప్‌నే మార్చాల్సి వచ్చింది. ఇంత ముఖ్యమైన విషయానికి వ్యాసంలో ఒక్క వాక్యమే దక్కింది.